రెండు భుజాల గాలిపటం

బరంపురం, గేట్ బజార్
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

పూజ్యులు భారతీదేవి వదిన గారికి,

మీ మరదలు సాయిపద్మ నమస్కరించి రాస్తున్నది. చికిటిలో మీరూ, కొట్టు చూసుకునే పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాసేసి తర్వాతి మాటకి వెళ్లిపోవడం నాకు అలవాటే గానీ, ఈసారి ఆ వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. బాగున్నామో లేదో మొత్తం చదివాక మీరే చెప్పండి.

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకండి. మాది కొట్ల మీద రెండు గదుల ఇల్లని మీకు తెలుసు. ఏ మూల నుంచి మాట్లాడినా మీ తమ్ముడికి వినపడుతుంది. సరస్వతీ పూజ ముందు రోజు మీరు ఫోన్ చేసి, "మొగుణ్ని ఇంట్ల పెట్టి తాళం ఏసినదాన్ని నిన్నే సూస్తన్నాను. ఆడు మేష్టరు, కోడిపిల్ల కాదు, గంప కింద దాయడానికి" అన్నారు. నేను మాట్లాడకుండా పెట్టేశాను. పొగరనుకుని ఉంటారు. పొగరు కాదు వదినా, ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. చెప్పాల్సిన మాట ఒక్కటీ ఆయన ముందు చెప్పగలిగేది కాదు.

ఆ మర్నాడు ఏం జరిగిందో మీకు తెలీదు. మీ తమ్ముడు చెప్పొద్దన్నారు. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మొదటి నుంచీ రాస్తేనే మీకు అర్థమవుతుంది.

కార్తీక మాసంలో ఆయన బడికి తయారవుతూ అద్దం ముందు కూలబడిపోయిన రోజు మీరు ఉన్నపళంగా బస్సెక్కి వచ్చారు. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. మెదడులో కుడి భాగానికి రక్తం అందలేదని, ఎడమ చెయ్యీ కాలూ పట్టు తప్పాయని డాక్టర్లు చెప్పినప్పుడు నా భుజం పట్టుకున్నది మీరే. అది నేను మరిచిపోను. తర్వాత కాలు నిలబడింది, చెయ్యి లేచింది, మాట ఎప్పుడూ పోనే లేదు. ఆయన గుమ్మంలో నిలబడి మిమ్మల్ని సాగనంపారు. తమ్ముడు దక్కాడని మీరు కళ్లు తుడుచుకుంటూ వెళ్లారు. మీరు చూసినదంతా నిజమే. మీరు చూడనిది మీరు వెళ్లాక బయటపడింది.

ఆ రోజు అన్నం పెట్టాను. "ఇయ్యాల కూరేటీ సెయ్యలేదేటి?" అని అడిగారు. వంకాయ కూర కంచంలోనే ఉంది, ఎడమ పక్క. చూపిస్తే వేళాకోళం అనుకున్నారు. నేను కంచం తిప్పాను. కూర కుడివైపుకి వచ్చింది. "ఇప్పుడేశావు గదా, ముందే ఎయ్యొచ్చును" అని ఇష్టంగా తిన్నారు. తిని తలెత్తి, "అన్నం ఎందుకు తీసేశావు?" అని అడిగారు. అన్నం ఎక్కడికీ పోలేదు. కంచం తిప్పాను కదా, అది ఎడమ పక్కకి వెళ్లింది.

మర్నాడు గడ్డం కుడి పక్కే గీసుకుని వచ్చి, చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. మా వసుధ చూసి ముందు నవ్వింది. ఆయన ఎందుకు నవ్వుతున్నావని అడిగితే, దానికి విషయం అర్థమై వంటింట్లోకి పరిగెత్తి వచ్చి నా చీర కొంగులో మొహం దాచుకుంది. పదిహేడేళ్ల పిల్ల, చిన్నప్పటి తర్వాత అలా దాచుకోవడం నేను చూడలేదు.

మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసారి అంజలి గారని ఒక డాక్టరమ్మ చూశారు, చిన్న వయసే. మీ తమ్ముడు లెక్కల మేష్టారని తెలుసుకుని, ఒక కాగితం మీద దీర్ఘచతురస్రం, రాంబస్, గాలిపటం గీసి, చూసి అలాగే గీయమన్నారు. ఆయన నవ్వారు. "నా బతుకంతా ఈటినే గీసినాను మేడమ్" అన్నారు. ముందు గాలిపటం అందుకున్నారు. చెయ్యి వణకలేదు. పై కొన నుంచి కుడివైపుకి ఒక పొట్టి గీత, అక్కణ్నుంచి కింది కొనకి ఒక పొడుగు గీత. పెన్సిలు కింద పెట్టేశారు.

అయిందా అని డాక్టరమ్మ ఒడియాలో అడిగారు. అయిందన్నారు. దీన్ని ఏమంటారని అడిగారు. మీ తమ్ముడు క్లాసులో చెప్పినట్టే చెప్పారు: నాలుగు భుజాల బొమ్మ, పక్కపక్కనున్న భుజాలు జతజతగా సమానం, పై కొనని కింది కొనని కలిపే కర్ణం వెంట మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటాయి, ఆ గీతే దాని సౌష్ఠవ రేఖ అని. తడుముకోలేదు. నేను కాగితం వంకే చూస్తున్నాను. దాని మీద ఉన్నవి రెండే భుజాలు. ఎడమ సగం లేదు. బొమ్మ మూతపడకుండా గీసిన పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టే మనిషి, తను గీసినదాన్ని మూడోసారి చూసుకుని కూడా తల ఊపారు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పారు. కళ్లు బాగానే ఉన్నాయట. ఎడమవైపు నుంచి వచ్చేదాన్ని మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదట. ఆయనకి అటు చీకటీ కనపడదు, ఖాళీ కనపడదు, అసలు అటు అనేదే లేదు. లేదన్న సంగతి కూడా తెలియదు. అందుకే మనం చెబితే నమ్మరు. అలవాటు చేయిస్తే చాలామందికి మెల్లగా తిరిగి వస్తుంది, ఎప్పటికని చెప్పలేం అన్నారు. అందాకా బండి ముట్టుకోకూడదు, రోడ్డు మీదకి ఒంటరిగా వెళ్లకూడదు అని గట్టిగా చెప్పారు.

ఆటోలో ఇంటికి వస్తూ మీ తమ్ముడు, "మంచి పిల్లే గానీ జామెట్రీ రాదు" అన్నారు.

స్కూటర్ తాళం నేను బియ్యం డబ్బాలో దాచింది ఆ రోజే. మొగుణ్ని పెట్టి తాళం వేశానన్న మీ మాటకి ఇదీ జవాబు.

దాని కోసం ఇంట్లో ఎన్ని గొడవలయ్యాయో రాస్తే ఈ కాగితాలు చాలవు. ఎప్పుడూ నన్ను ఏమీ అనని మనిషి, "నువ్వు నా పెళ్లానివా, జైలరువా?" అని అడిగారు. డాక్టరమ్మ చెప్పినట్టు కంచానికీ, పేపరుకీ, తలుపుకీ ఎడమ అంచున ఎర్ర టేపు అంటించాను. ఆ ఎరుపు కనపడేదాకా తల తిప్పండి అని చెబితే, "నేనేటి ఎల్‌కేజీ పిల్లోడినా?" అని కంచం తోసేశారు.

చివరికి దారి కనిపెట్టింది వసుధ. నాన్న మన మాట నమ్మడు, లెక్క చెబితే నమ్ముతాడమ్మా అంది. ఒక ఆదివారం పొద్దున్న ఆసుపత్రిలో గీసిన ఆ కాగితమే తీసుకుని ఆయన ముందు కూర్చుంది. నేను కూరగాయలు తరుగుతూ వింటున్నాను.

"నాన్నా, ఈ గాలిపటంలో రెండు త్రిభుజాలు సర్వసమానాలని రుజువు సేసి సూపించు" అంది.

ఆయనకి హుషారొచ్చింది. పై కొన నుంచి కింది కొనకి కర్ణం గీశారు. "ఇదీ ఒక త్రిభుజం. కర్ణం రెండిటికీ ఉమ్మడి భుజం. ఈ పొట్టి భుజానికి పక్కనున్న పొట్టి భుజం సమానం" అంటూ వేలు పెట్టబోయారు. వేలు కాగితం మీద ఆగింది.

"ఏ పొట్టి భుజం నాన్నా?"

"పక్కది."

"ఏదీ, సూపించు."

ఆయన వేలు కర్ణం మీద పైకీ కిందికీ తిరిగింది. గీత దాటి అవతలికి వెళ్లలేదు. చాలాసేపటికి ఆయన, "ఉండాలి" అన్నారు. గీతల్ని వేలితో మళ్లీ లెక్కపెట్టి, "గాలిపటమైతే నాలుగుండాలి. నాకు రెండే ఉన్నాయి" అన్నారు. ఆ మాట అంటుండగానే మొహంలో రంగు పోయింది. "వసూ, నాకు కనపడనిది ఏదో ఉంది" అన్నారు.

తెలిస్తే తేలికపడతారనుకున్నాను వదినా. భయపడ్డారు. నాలుగైదు రోజులు గది దాటలేదు. మంచం మీద కుడి గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎడమవైపు నుంచి నేను పలకరిస్తే ఉలిక్కిపడేవారు. ఆ తర్వాత ఆయనే లేచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. కుడి పక్క ఏముందో చూసుకోవడం, ఎడమ పక్క కూడా అలాంటిదే ఉండాలని అనుకోవడం, దాని కోసం తల తిప్పి వెతకడం. ఇటు చొక్కా చెయ్యి ఉంటే అటూ ఉండాలి. ఇటు తలుపు రెక్క ఉంటే అటూ ఒక రెక్క ఉండాలి. అలా వెతుక్కుని రెండో చెప్పు ఆయనే తొడుక్కున్న రోజు నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను.

కానీ లోకమంతా అలా మడత పెట్టినట్టు ఉండదు కదా. మా మెట్లకి ఎడమ పక్క రెయిలింగు తుప్పు పట్టిందని ఇంటివాళ్లు ఊడదీసి, కొత్తది బిగించకుండా వదిలేశారు. ఒకరోజు మెట్ల మీద ఆయన కుడి చేత్తో రెయిలింగు పట్టుకుని, అటు కూడా ఇలాంటిదే ఉండాలని ఎడమ చెయ్యి చాచి బరువంతా దాని మీద వేశారు. అక్కడేమీ లేదు. వెనకాలే ఉన్నాను గనక చొక్కా కాలరు చేతికి దొరికింది. కింద కిరాణా కొట్టు సింహాచలం పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. పైకి తీసుకొచ్చి కూర్చోబెడితే, "అన్ని చతుర్భుజాలకీ సౌష్ఠవం ఉండదు పద్మా. పిల్లలకి నేనే సెప్తాను, నేనే మర్చిపోయాను" అన్నారు. నవ్వారు గానీ, నా చెయ్యి వదల్లేదు.

ఇలా ఉండగా మెట్రిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. హెడ్మాస్టరు నీలకంఠం గారు రెండుసార్లు ఇంటికి వచ్చారు. మంచి మనిషి. పైవాళ్లు వేరే మేష్టారిని వేసుకుందామంటున్నారని, పరీక్షల ముందు మీ తమ్ముడు ఒక్కసారి వచ్చి క్లాసు తీసుకుంటే ఆ మాట ఆపగలనని చెప్పారు. ఆయన లేకపోతే జామెట్రీ చెప్పేవాళ్లు లేరని పదో తరగతి పిల్లలు కూడా పూజ ముందు రోజు వచ్చారు. సరస్వతీ పూజకి సారు రావాలని ఆడపిల్లలు బొట్టుపెట్టి మరీ పిలిచారు. ఆ పిల్లలంతా ఆయన కుడి పక్కనే నిలబడ్డారు. ఎలా తెలిసిందో మరి, వసుధ చెప్పిందేమో.

ఆ సాయంత్రమే మీరు నాకు ఫోన్ చేశారు. తర్వాత ఆయనకి చేశారు. "అదేటంటే అది అననీ, నువ్వు ఎల్లు. నీ బడి, నీ పిల్లలు. ఇంట్లనే ఉంటే మనిషివి మిగలవు" అన్నారట. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచిన అప్ప చెయ్యి మీది. మీ స్థానంలో నేనున్నా అదే అందునేమో.

పూజ రోజు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి గదిలో ఆయన లేరు. స్కూటర్ కిందే ఉంది. వసుధ కోచింగ్‌కి వెళ్లింది. పరిగెత్తి కిందకి దిగాను. సింహాచలం, "మేష్టారు ఇప్పుడే ఎల్లారమ్మా, తెల్ల చొక్కా ఏసుకుని. ఇలగెల్లారు" అని కుడివైపు చూపించాడు.

బడి ఎడమవైపు వదినా. పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఆ గుమ్మం దిగి ఎడమవైపుకే తిరగడం చూశాను. కుడికి వెళ్లారంటే ఆయనకి ఎడమ దారి లేదన్నమాట. ముందు ఏ మలుపు వచ్చినా కుడికే తిరుగుతారు. మా వీధులు నాలుగు పక్కలా కొట్లతో పెట్టె గీసినట్టు ఉంటాయి. అలా కుడికే తిరుగుతూ పోతే చుట్టూ తిరిగి మళ్లీ మా గుమ్మానికే రావాలి. అందుకని ఆయన వెనకాల వెళ్లలేదు. అటునుంచి వస్తే ఎదురుపడతారని ఎడమవైపు నుంచి బయలుదేరాను. బట్టల కొట్ల వీధి దాటాను, బస్తాలు దించుతున్న లారీల మధ్య నుంచి దూరాను. కనపడిన ప్రతివాణ్నీ అడుగుతున్నాను, తెలుగువాళ్లని తెలుగులో, ఒడియావాళ్లని ఒడియాలో. ఎవరూ చూడలేదు. మూల తిరిగాక గుర్తొచ్చింది. వెనక వీధిలో పాత గోడౌన్ పడగొట్టేశాక ఆ సందు ఇప్పుడు మూసుకుని లేదు. కుడివైపుకి తిరిగి తిన్నగా పోతే పెద్ద రోడ్డు మీదకి తేలుతుంది. మీ చికిటి బస్సులు పోయే రోడ్డు.

ఎలా వెళ్లానో నాకే తెలీదు. రోడ్డు మీదకి వచ్చేసరికి అల్లంత దూరంలో కనపడ్డారు. తెల్ల చొక్కా. రోడ్డు దాటుతున్నారు. దారి తప్పానని తెలిసి, అవతల ఆటో పట్టుకుందామని దిగారట. మన వైపు సగంలో బండ్లు కుడివైపు నుంచి వస్తాయి కదా, వాటిని చూసుకుంటూ, ఆగుతూ, చక్కగా దాటారు. మధ్య గీత మీదకి చేరారు. ఇక అవతలి సగం ఉంది.

ఆ సగంలో ఎడమవైపు నుంచి ఇసుక లారీ వస్తోంది. వేగంగా వస్తోంది. నేనూ ఆయనకి ఎడమ పక్కనే, చాలా దూరంలో ఉన్నాను. "ఏవండీ" అని గొంతు చించుకున్నాను. ఆయనకి వినపడింది. వినపడి కుడివైపుకి తిరిగి చూశారు. లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రోడ్డుకి రెండు పక్కలా జనం కేకలు పెడుతున్నారు. ఒక్క అడుగు వేస్తే అయిపోయేది. నేను కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలన్నా మూతపడలేదు.

ఆయన అడుగు వెయ్యలేదు. గీత మీద కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చేతులు కిందకి దించి నిలబడిపోయారు. లారీ ఆయన్ని రాసుకున్నట్టే పోయింది. చొక్కా గాలికి ఎగిరింది.

నేను వెళ్లి మణికట్టు పట్టుకునేదాకా కదల్లేదు. పక్కకి తీసుకొచ్చాను. పండ్ల బండి ముసలావిడ కన్నమ్మ స్టూలు వేసి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆయనే నా మొహంలోకి చూసి, "లారీని సూసాను పద్మా. అందుకే ఆగాను" అన్నారు.

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. ఇన్ని నెలల తర్వాత, ఎడమవైపు నుంచి వచ్చినదాన్ని ఆయన చూశారు. నా కళ్లతో ఆగడం చూశాను. పిలిస్తే కుడివైపుకి చూశారేమిటని ఒక్క క్షణం అనిపించింది గానీ, ఆ గోలలో ఎవరికైనా అలాగే ఉంటుందనుకున్నాను. ఏడుస్తూనే ఆటోలో బడికి తీసుకెళ్లాను. అమ్మవారి ముందు పిల్లలంతా చుట్టూ మూగారు. నీలకంఠం గారికి లారీ సంగతి చెబితే, "అయితే నయమైపోయినట్టే" అని ఆయన చేతులు పట్టుకుని ఊపేశారు. రేపు సోమవారం నుంచి క్లాసులకి రమ్మన్నారు.

కాబట్టి వదినా, చివరికి మీ మాటే నిజమైంది. ఆయన్ని బయటకి పోనివ్వాల్సింది. భయం నాదే ఎక్కువైంది. డాక్టరమ్మ ఊళ్లో లేరు, వచ్చే వారం గానీ చూపించలేం. అందాకా ఆగుదామని నాకుంది గానీ, ఇప్పుడు కూడా ఆగమంటే మళ్లీ జైలరునే అవుతాను. గురువారం నాడు బియ్యం డబ్బాలోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పుచ్చుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. సంతోషం వల్ల మాట రాలేదనుకున్నాను. రేపు పొద్దున్న స్కూటర్ మీద బడికి వెళ్తారు. వెనక వసుధ కూర్చుంటుంది, దాన్ని దారిలో కోచింగ్ దగ్గర దింపుతారు. అది తోడుంటే నాకూ ధైర్యం.

ఈ ఉత్తరం ఆయనకి తెలియకుండా రాద్దామని మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ, దాచడానికి ఇందులో ఇంకేమీ లేదనిపించింది. ఆయనకి చదవమని ఇస్తాను. కింద జాగా వదులుతున్నాను, మీకు రెండు ముక్కలు రాస్తారు. రేపు మీ కొట్టుకి సరుకు తెచ్చే వాన్ డ్రైవరు చేతికిచ్చి పంపుతాను. కోపం ఉంటే పెట్టుకోండి గానీ, ఒకసారి వచ్చి వెళ్లండి. మీరొస్తే ఆయన అన్నం ఎక్కువ తింటారు.

పెద్దలు మీకు మళ్లీ నమస్కారాలతో,
మీ మరదలు
సాయిపద్మ

తా. క.

అప్పా, నేను పూర్ణచంద్రని. పద్మ రాసినదంతా నేనే చదివాను. ప్రతి వరసకీ ఎర్ర టేపు దాకా తల తిప్పుకుంటూ చదివేసరికి ఈ పూటంతా పట్టింది. నా రాత కాగితం మధ్య నుంచి మొదలైతే నవ్వకు. అంచు వెతుక్కుంటూనే రాస్తున్నాను.

ఇందులో అంతా నిజమే, ఒక్కటి తప్ప. అది పద్మ తప్పు కాదు, నేను చెప్పిన అబద్ధం. ఆ లారీని నేను చూడలేదు.

హారన్ విన్నాను. ఎటునుంచో తెలియలేదు. పద్మ పిలుపు విన్నాను, కుడివైపు నుంచే అనుకున్నాను. అక్కడ లారీ ఉందని నాకు తెలిసింది చొక్కా ఎగిరినప్పుడే.

మరి ఎందుకు ఆగానంటావేమో. మధ్య గీత మీదకి వచ్చాక ఒక్క ఆలోచన వచ్చింది. ఇంతవరకూ బండ్లన్నీ కుడి నుంచి వచ్చాయి. పిల్లలకి సమాంతర చతుర్భుజం చెప్పేటప్పుడు, ఇది మడిస్తే కుదరదు, మధ్యలో వేలు పెట్టి సగం చుట్టు తిప్పితే తన మీద తనే కూర్చుంటుందని చూపిస్తాను. బండ్లు నడిచే రోడ్డూ అంతే. సగం చుట్టు తిప్పితే, ఇటు కుడి నుంచి వచ్చినవి అటు ఎడమ నుంచి రావాలి. అంటే ఇక నా ముందున్న సగంలో వచ్చేదంతా నాకు లేని పక్క నుంచి వస్తుంది. అది తట్టాక కాళ్లు కదల్లేదు.

ఎడమవైపు ఉండి తీరాలని నేను రుజువు చెయ్యగలను అప్పా. ఈ నిమిషాన అక్కడ లారీ ఉందో, ఖాళీగా ఉందో ఏ రుజువూ చెప్పదు. అది చూసి తెలుసుకోవాలి. తల మొత్తం తిప్పి వెతికితే ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. దొరకలేదని కూడా నాకు తెలియదు.

పద్మ చెయ్యి నా మణికట్టు మీద వణుకుతోంది. చూశానంటే ఆ వణుకు ఆగుతుందనిపించింది. ఆగింది. తర్వాత నీలకంఠం గారి మొహం వెలిగింది, పిల్లలు చుట్టూ చేరారు, తాళం నా చేతిలోకి వచ్చింది. ఇంక నిజం ఎక్కడ చెప్పాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఊరుకున్నాను. రేపు నా వెనక వసుధ కూర్చుంటుందని పద్మ రాసిన వాక్యం దగ్గర ఇక ఊరుకోలేకపోయాను.

నువ్వు నన్ను వెళ్లమన్నది ప్రేమతోనే. పద్మ వద్దన్నదీ అందుకే. స్కూటర్ తియ్యను. రేపు నా ఎడమ పక్క పద్మ నడిస్తే బడికి వెళ్లి, హెడ్మాస్టరు గారికి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆయన ఉండమంటే ఉంటాను, వద్దంటే ఇంటికి వస్తాను.

ఈ ముక్కలు పద్మ ఇంకా చదవలేదు. పక్క గదిలో రేపటికని నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నాన్న ఎంత బాగా ఆగాడో అని వసుధకి మళ్లీ చెబుతుంటే ఇక్కడికి వినపడుతోంది.

పిలుస్తున్నాను.